నేపాళములో దసరా: పిల్లల నడుమ పది దినములు

ఆశ్వయుజ మాసము ప్రవేశించినదనగానే మన రేడియో కేంద్రములలో దేవీస్తుతులు, నవరాత్రి కీర్తనలు మొదలగును. మా వంటి రేడియో ఉద్యోగులకు పండుగ రాక పంచాంగము చూడకుండగనే కార్యక్రమ పట్టికను బట్టి తెలిసిపోవును. మనకు ఉత్తరమున హిమాలయముల ఒడిలోనున్న నేపాళ దేశమునందును ఇట్టి ఆచారమే ఒకటి కలదు. అక్కడ దసరాను దశైన్ అందురు. ఆ పండుగ సమీపించగానే, 1951లో స్థాపింపబడిన రేడియో నేపాల్ మాలశ్రీ అను వరుసను వినిపించును. అది చెవిని బడినంతనే, పొట్టకూటికై పరదేశములలో పని చేయుచున్న నేపాళీయులకు సైతము ఇల్లు గుర్తునకు వచ్చునట. దశైన్ నాటికి ఇల్లు చేరవలెను. ఇది ఆ దేశమున పేదకును, ధనికునకును ఒక్కటే కోరిక.

అట్టి పండుగ దినములలో, ఇల్లు లేదని చెప్పబడిన పిల్లల నడుమ పది దినములు గడుపుటకై 2022వ సంవత్సరమున మేము నేపాళము వెళ్లితిమి. సేవ చేయుదమని పోయితిమి. అక్కడ నేర్చుకొన్నది వేరు. ఆ సంగతినే నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ముందుగా పండుగ మాట. దశైన్ పదునైదు దినముల పండుగ. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు ఘటస్థాపన జరుగును. ఎండ తగులని గదిలో కలశము నుంచి, దాని చెంత మట్టిలో బార్లీ గింజలు చల్లుదురు. మన ఇండ్లలో నవరాత్రులకు కలశము వద్ద నవధాన్యములు మొలకెత్తించు ఆచారమునకు ఇది తోబుట్టువు. వెలుతురు లేని చోట పెరుగుటచే ఆ మొలకలు ఆకుపచ్చగా గాక పసుపు వన్నెతో నుండును. వానిని జమరా అందురు. ఏడవనాడు ఫూల్‌పాతీ. ఆ దినమున గోర్ఖా నుండి తెచ్చిన పూలను, పత్రిని ఖాట్మండులోని హనుమాన్ ఢోకా అను పాత రాచనగరునకు ఊరేగింపుగా కొనిపోవుదురు. అష్టమీ నవములయందు దుర్గాపూజలు జరుగును. పదవనాడు విజయదశమి.

ఆ నాడు మన తెలుగుసీమలో జమ్మిచెట్టును పూజింతుము. తెలంగాణమున జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి పాదములకు నమస్కరించి దీవెనలు పొందుదురు. నేపాళములో ఆ స్థానమున టీకా కలదు. మనలో టీకా అనగా సూదిమందు స్ఫురించును గాని, అక్కడ దానికి తిలకమని అర్థము. బియ్యము, పెరుగు, ఎఱ్ఱని రంగుపొడి కలిపిన ముద్దను ఇంటి పెద్దలు చిన్నవారి నొసట దట్టముగా అంటించి, జమరా మొలకలను తలపై నుంచి, ఆశీర్వదించి, దక్షిణ ఇత్తురు. తాత, నాయనమ్మ, తల్లి, తండ్రి, మేనమామ, ఇట్లు వరుసగా ఒక్కొక్కరి ముందును కూర్చుండవలెను. కొండదారులలో దూరపు పల్లెలకు నడచిపోవలసిన వారుందురు గనుక, టీకా పెట్టు వేడుక పున్నమి వరకు సాగును. ఆలస్యముగా వచ్చిన వానికిని ఇంటి దీవెన తప్పిపోకుండ చేసిన ఏర్పాటది.

మేము ఐదుగురము బయలుదేరితిమి. ఇద్దరము రేడియో ఉద్యోగులము. మాతో ఒక ఉపాధ్యాయురాలు, ఇద్దరు కళాశాల విద్యార్థులు ఉండిరి. విజయవాడలో రైలెక్కి గోరఖ్‌పూర్ చేరి, అచ్చటినుండి బస్సులో సోనౌలీ వద్ద సరిహద్దు దాటి, కొండల మీదుగా పొఖరా పట్టణమునకు పోయితిమి. పెట్టెలలో పిల్లలకు కొత్త బట్టలు, బొమ్మల పుస్తకములు, మిఠాయిలు నింపుకొంటిమి. ఉపాధ్యాయురాలు మాత్రము ఒక చిన్న పెట్టె నిండ కొండపల్లి బొమ్మలు తెచ్చినది. దసరాకు పిల్లల చేత బొమ్మల కొలువు పెట్టించవలెనని ఆమె ముచ్చట. మేమిద్దరమును మా అలవాటు చొప్పున ధ్వనిముద్రణ యంత్రమును వెంట తీసికొనిపోతిమి. అనాథ బాలల దశైన్ అను పేరుతో ఒక కార్యక్రమము తయారు చేయవలెనని మా ఆలోచన. వ్రాతప్రతి సగము రైలులోనే సిద్ధమైనది. పిల్లలను చూడకముందే వారిని గూర్చి వ్రాసితిమని అప్పుడు మాకు తోచలేదు.

మేము చేరిన బాలసదనము పేరు ఇక్కడ చెప్పము. ఒకరిని వేలెత్తి చూపుట మా ఉద్దేశము కాదు. అది శుభ్రమైన ఇల్లు. పిల్లలకు వేళకు అన్నము పెట్టుచుండిరి. బడికి పంపుచుండిరి. మొత్తము ఇరువది యిద్దరు పిల్లలుండవలెను గాని మేము పోవునప్పటికి తొమ్మండ్రు మాత్రమే కనబడిరి. మిగిలిన వారెక్కడ అని అడిగితిమి. "పండుగకు ఇళ్లకు పోయినారు" అని వంటామె చెప్పినది. అనాథలకు ఇండ్లెక్కడివి అను ప్రశ్న మా మనస్సులలో తళుక్కుమని మెరసి, ఆ సందడిలో అంతలోనే మరుగుపడెను.

ఆ తొమ్మండ్రలో అందరికంటె చిన్నది ఐదేండ్ల బాలిక. మేము గుమ్మములో కాలు పెట్టినంతనే పరుగున వచ్చి మాలో ఒకరి కాళ్లను కౌగిలించుకొని విడువలేదు. మా గుండెలు కరగినవి. ఎంత ప్రేమగల పిల్ల అని మురిసితిమి. మాకు ముందే అక్కడ ఐరోపా నుండి వచ్చిన ఇద్దరు యువకులుండిరి. రెండు వారములు పిల్లలతో గడుపుటకై వారు ఒక సంస్థకు సొమ్ము చెల్లించి వచ్చిరట. అష్టమి నాటి ఉదయమున వారు సెలవు తీసికొనిరి. ఆ చిన్నది గేటు కమ్ములు పట్టుకొని ఏడ్చినది. ఒక గంట గడచిన పిమ్మట, అదే విధముగా వచ్చి మా కాళ్లను కౌగిలించుకొన్నది. అప్పుడు మాలో ఎవరికిని మురిపెము కలుగలేదు.

అయినను ఆ దినములు ఆనందముగానే గడచినవి. వీథి చివర నాలుగు పొడవైన వెదుళ్లను పాతి, కొనలు కలిపి కట్టి, త్రాటి ఉయ్యెల వేసిరి. దానిని లింగే పింగ్ అందురు. దశైన్‌లో ఒక్కసారియైనను నేలను విడిచి గాలిలోనికి లేవవలెనని అక్కడి పెద్దలందురు. మేమును లేచితిమి. పిల్లలు గాలిపటములెగురవేసిరి. మబ్బు విడినపుడు మచ్ఛాపుచ్ఛ్రే శిఖరము తెల్లగా కనబడుచుండెను.

మూలా నక్షత్రము నాడు ఉపాధ్యాయురాలు బొమ్మల పెట్టె తెరచినది. బల్లపై చీర పరచి మెట్లు కట్టి, పిల్లల చేతనే బొమ్మలు పేర్పించెను. పదునొకండేండ్ల బాలుడొకడు తక్కిన బొమ్మల నన్నిటిని విడిచి, జత ఎడ్లతో నాగలి పట్టిన రైతు బొమ్మను చేతిలోనికి తీసికొనెను. చాలసేపు త్రిప్పి చూచి, "మా నాన్న కూడా ఇట్లాగే దున్నుతాడు. మా ఎడ్లు మాత్రం నల్లవి" అనెను. అతడు నేపాళీలో చెప్పినను, హిందీకిని ఆ భాషకును దగ్గరి చుట్టరిక మగుటచే మాకు తెలిసినది. మేము తలయూపి ఊరకుంటిమి. ఉపాధ్యాయురాలు మాత్రము ఆ రాత్రి మాతో, "దున్నేవాడు అనలేదండీ, దున్నుతాడు అన్నాడు. గమనించినారా?" అని అడిగినది.

మరునాడు నిర్వాహకుని అడిగితిమి. ఆయన దస్త్రము తీసి చూపెను. అందు ఆ బాలుని తల్లియు తండ్రియు మరణించినట్లు వ్రాసి యుండెను. ఆ పిల్లవాడు అంతకుముందు మూతపడిన మరొక ఆశ్రమమునుండి ఆ కాగితములతోనే తమ వద్దకు వచ్చెననియు, తనకు అంతకు మించి తెలియదనియు ఆయన చెప్పెను. అది నిజమే కావచ్చును. ఆయన ముఖమున కపటము మాకు కనబడలేదు. కాని ఆరేండ్లుగా ఆ కాగితమును ఎవరును అనుమానింపలేదు.

విజయదశమి ఉదయమున పిల్లలు తలంటు పోసికొని, మేము తెచ్చిన కొత్త బట్టలు కట్టుకొనిరి. పళ్లెములో ఎఱ్ఱని టీకా, జమరా సిద్ధమైనవి. "మీరు పెద్దలు, దూరమునుండి వచ్చిన అతిథులు. ఈ ఏడు టీకా మీరే పెట్టవలెను" అని నిర్వాహకుడు కోరెను. అది మాకు చేసిన గౌరవముగా భావించి వరుసగా కూర్చుంటిమి. యంత్రమును కూడ నడిపించితిమి. ఎనమండుగురు పిల్లలు వచ్చి నొసలు చూపిరి. నాగలి బొమ్మ బాలుడు మాత్రము గోడకానుకొని నిలిచి రాలేదు. పిలిచితిమి. కదలలేదు. బుజ్జగించితిమి. అప్పుడు మెల్లగా, తలవంచుకొని ఇట్లనెను:

"మీరు మావాళ్లు కారు గదా. మా ఇంట్లో టీకా ఎర్రగా ఉండదు. తెల్లగా ఉంటుంది. నాయనమ్మ పెడుతుంది."

పళ్లెము చేతబట్టుకొని మేము అట్లే కూర్చుండిపోతిమి. ఆ బాలుడు మమ్ము అవమానింపలేదు. తన ఇంటి దీవెన తన కొఱకు ఎక్కడనో కాచుకొని యున్నదనియు, దాని స్థానమును మరియొకరి కియ్యననియు చెప్పెను. దేశాంతరమునుండి బట్టలు, బొమ్మలు మోసికొనివచ్చిన మాకు ఆ పిల్లవానికి కావలసినది ఏదో అప్పటివరకు తెలియదు. అడుగవలెనని తోచను కూడ లేదు.

ఆ సాయంకాలము, తప్పిపోయిన పిల్లలను ఇండ్లకు చేర్చు పనిలో చాల ఏండ్లుగా నున్న ఒక సామాజిక కార్యకర్తను పరిచయస్థుల ద్వారా కలిసికొంటిమి. ఏబది యేండ్ల స్త్రీ. అందరును దిదీ, అనగా అక్క అని పిలుతురు. మా కథ విని ఆమె ఆశ్చర్యపడలేదు. ఆమె చెప్పినదాని సారాంశమును, పిమ్మట మేము చదివి తెలిసికొన్నదానిని కలిపి చెప్పుదుము.

నేపాళ పర్వత గ్రామములలో అనేకములందు బడి చిన్న తరగతులతో ఆగిపోవును. 1996 నుండి 2006 వరకు సాగిన అంతర్యుద్ధ కాలమున ఆ బడులు కూడ చెదరిపోయినవి. పిల్లలను ఎక్కడికైన క్షేమమైన చోటికి పంపవలెనని తల్లిదండ్రులు ఆరాటపడిరి. అప్పుడు దళారులు ప్రవేశించిరి. పట్టణములో మంచి బడి, భోజనము, వసతి ఏర్పాటు చేయుదుమని చెప్పి తండ్రుల వద్ద సొమ్ము పుచ్చుకొని, పిల్లలను కొండ దింపిరి. బ్రతికి యున్న తల్లిదండ్రులు మరణించినట్లు పత్రములు పుట్టించిరి. యుద్ధము ముగిసినను ఆ వ్యాపారము ముగియలేదు. ఏలయన, అనాథయని చెప్పిన బిడ్డకు దాతలు దొరకుదురు. చదువుకొఱకు ఇల్లు విడిచిన పేద బిడ్డయని చెప్పినచో అంతగా దొరకరు.

ఆ దేశమున 2015వ సంవత్సరపు భూకంపమునకు ముందు పదునైదు వేలకు పైగా పిల్లలు ఆశ్రమములలో నుండిరనియు, వారిలో నూటికి 85 మందికి తల్లియో తండ్రియో, ఇరువురునో జీవించి యుండిరనియు యునిసెఫ్ ఆ సంవత్సరమే ప్రకటించినది. ఆశ్రమములలో అత్యధిక భాగము కొద్ది జిల్లాలలోనే కలవు. అవి ఏవి? యాత్రికులు విశేషముగా వచ్చు ఖాట్మండు లోయ, పొఖరా, చిత్వన్ ప్రాంతములు. పిల్లలకు కష్టము ఎక్కువగా నున్న చోట గాక, జాలిపడి సొమ్మిచ్చువారు ఎక్కువగా వచ్చు చోట ఆశ్రమములు వెలసినవన్నమాట. 2015 ఏప్రిల్ 25న భూకంపము వచ్చి సుమారు తొమ్మిది వేలమంది మరణించిన పిమ్మట, నేపాళ ప్రభుత్వము ఈ ప్రమాదమును గుర్తించి, తల్లిదండ్రులో తగిన సంరక్షకులో వెంటలేక పిల్లలను జిల్లాలు దాటించుటను నిషేధించెను. కొత్త ఆశ్రమముల నమోదును నిలిపెను. 2018లో వచ్చిన ఆ దేశపు బాలల చట్టము ప్రకారము, బంధువుల ఇల్లు, మరొక కుటుంబము అను మార్గములు లేనప్పుడు మాత్రమే బిడ్డను ఆశ్రమమున నుంచవలెను. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, బాలల హక్కులను గూర్చిన తీర్మానములో, ఆశ్రమములకు స్వచ్ఛంద సేవకులు యాత్రికుల వలె వచ్చిపోవుట వలని హానిని ప్రత్యేకముగా పేర్కొన్నది.

మేము దిదీని అడిగితిమి: "మేము చెడ్డ ఉద్దేశముతో రాలేదు గదా?"

ఆమె నవ్వి ఇట్లనెను: "చెడ్డ ఉద్దేశంతో ఎవరూ రారు, దాజూ. మీరు పది రోజులుండి పోతారు. తరువాత ఇంకొకరు వస్తారు. వాళ్లూ పోతారు. ఆ చిన్నపిల్ల ఎవరు కనబడితే వాళ్ల కాళ్లు పట్టుకుంటున్నది చూశారా? అది ప్రేమ ఎక్కువై కాదు. తనవాళ్లు ఎవరో తేల్చుకోలేక."

గేటు కమ్ములు మాకు మరల కన్నులకు కట్టినవి. ఆ బాలిక వద్ద మేమును నాలుగు దినములలో సెలవు తీసికొనవలసినవారమే.

ఆ రాత్రి మా ధ్వనిముద్రణలను మరల వింటిమి. పండుగ ముందు దినములలో ఆ బాలుడు నిదురవేళ చెప్పిన కబుర్లు కొన్ని అందున్నవి. తమ ఊరికి క్రిందుగా పెద్ద నది కలదనియు, దాని ఒడ్డున నల్లని గుండ్రాళ్లు దొరకుననియు, ఎక్కడెక్కడినుండియో వచ్చినవారు వానిని ఏరుకొని కన్నుల కద్దుకొందురనియు చెప్పియుండెను. వినునప్పుడు అది పిల్లవాని మాటగా తోచెను. ఇప్పుడు తెలిసినది. అవి సాలగ్రామములు. మన ఇండ్లలో పూజాపీఠములపై నున్న సాలగ్రామములు ఏ గండకీ నదినుండి వచ్చినవో, ఆ కాలీ గండకీ లోయలోని పిల్లవాడతడు. తెల్ల టీకా మరొక గుర్తు. బియ్యము పెరుగు మాత్రమే కలిపి, రంగు వేయక టీకా పెట్టు ఆచారము మగర్, గురుంగ్ మొదలగు జనులలో అనేక కుటుంబములకు కలదు. ఈ రెండు ఆనవాళ్లను, అతడు పలికిన ఒక చిన్న వాడపేరును దిదీకి చేర్చితిమి. బాలుని అడిగి, నిర్వాహకుని అంగీకారముతో ఆ ముద్రణ భాగమునుకూడ ఆమె కిచ్చితిమి.

రైలులో వ్రాసికొన్న వ్రాతప్రతిని మేము చించివేసితిమి. అందు అనాథలన్న మాట పదునాలుగు చోట్ల నుండెను. ఏ ఒక్కరిని గూర్చియు ఆ మాట నిజమో కాదో మాకు తెలియదు. పిల్లల కంఠములను గాని, ఆనవాళ్లను గాని ప్రసారము చేయలేదు. ఇప్పుడును ఆ బాలుని పేరు, ఊరు చెప్పకుండుట అందులకే.

మరల వత్తుమని ఆ పిల్లలతో మేము చెప్పలేదు. అంతకుముందు వచ్చినవారందరు ఆ మాట చెప్పియే పోయిరని వంటామె వలన వింటిమి. పొఖరా విడుచునాడు ఆ బాలిక మరల గేటు వద్దకు వచ్చెను. ఆ దృశ్యమును గూర్చి ఇంతకు మించి చెప్పజాలము.

ఆ పిమ్మట పని అంతయు దిదీదే. ఆమె మ్యాగ్దీ జిల్లా ముఖ్యస్థానమైన బేనీ వరకు బస్సులో పోయి, వార్డు కార్యాలయములలో విచారించి, బడిపంతుళ్లను అడిగి, వాడవాడ తిరిగెను. రెండు మారులు పొరబాటు ఊళ్లకు పోయెను. వానలలో దారులు తెగి కొన్నాళ్లు ఆగెను. ఏడు మాసములకు, 2023 మే నెలలో, బాలుని తండ్రి దొరకెను. తల్లి మాత్రము నిజముగనే మరణించినది. కొడుకు పట్టణములో గొప్ప బడిలో చదువుచున్నాడని తండ్రి ఆరేండ్లుగా నమ్మియుండెను. దళారికి ఇచ్చుటకై నల్ల యెద్దులలో నొకదానిని అమ్మివేసెనట. రెండు మారులు పట్టణమునకు వచ్చి వెదకి, పాత ఆశ్రమము మూతపడి యుండుట చూచి తిరిగిపోయెనట.

కథలలో వలె తండ్రీ కొడుకులు చూచినంతనే కౌగిలించుకొనలేదు. తొలిసారి తండ్రి సదనమునకు వచ్చినపుడు బాలుడతనిని గుర్తింపలేదు. నాయనమ్మ మాట్లాడు మగర్ భాషను అతడు పూర్తిగా మరచెను. తండ్రికిని ఒక భయము కలదు: ఇంటికి తెచ్చినచో చదువు ఆగిపోవునేమో యని. అది అర్థములేని భయము కాదు. ఆ భయమే మొదట దళారికి దారి తీసినది. అందుచే దిదీ తొందరపడలేదు. నాలుగు మారులు తండ్రిని రప్పించెను. ఒక మారు బాలుని తీసికొనిపోయి ఇల్లు చూపించెను. బేనీలో కాపురమున్న మేనత్త ఇంట ఉండి బడికి పోవుటకును, సెలవులకు కొండ ఎక్కుటకును ఏర్పాటు కుదిరెను. పుస్తకములకును, బడి రుసుమునకును, బస్సు ఖర్చులకును మేము ఐదుగురము కొంత పంపుచున్నాము. మా ఐదుగురి రైలు ఖర్చులు, కానుకల వెల కలిపి చూచుకొన్నపుడు, ఆ సొమ్ముతో ఇట్టి బాలుని చదువు చాల కాలము సాగియుండునని తేలినది.

2023 దశైన్ సమీపించగా, రావచ్చునా యని దిదీని అడిగితిమి. "ఈసారి రావద్దు, దాజూ. ఆ ఇంటికి ఇది మొదటి పండుగ. బయటివాళ్లు ఉండకూడదు" అని ఆమె స్పష్టముగా చెప్పెను. మేము పోలేదు. నేపాళమున ఆ ఏడు విజయదశమి అక్టోబరు 24న వచ్చినది. మేము ఇక్కడ కేంద్రములో విధులలో నుంటిమి. సాయంకాలము దిదీ టెలిఫోనులో ఒక చిన్న ధ్వనిముద్రణ పంపెను. కోడికూత, ఎవరో నవ్వుట, దూరమున నది హోరు. ఒక వృద్ధురాలు మాకు తెలియని భాషలో ఏమో దీవించుచుండెను. నడుమ నడుమ ఒక పురుషుడు దానిని నేపాళీలోనికి మార్చి చెప్పుచుండెను. ఆ బాలుడు ఆ మాటలను ఒక్కొక్కటిగా తిరిగి పలుకుచుండెను. క్రింద దిదీ ఇట్లు వ్రాసెను: తెల్ల టీకాయే.

వృత్తి రీత్యా మేము వేలకొలది ధ్వనిముద్రణలు వినియుందుము. దీనిని ప్రసారము చేయము. అది వారి ఇంటిది.

శ్రోతలలో యువకులు, విద్యార్థులు, విశ్రాంత ఉద్యోగులు ఎందరో పొరుగు దేశములలో పిల్లలకు సేవ చేయవలెనను కోరిక గలవారున్నారు. మంచి కోరిక. దానిని మానుకొమ్మని మేము చెప్పుటలేదు. పోవుటకు ముందు కొన్ని ప్రశ్నలడుగుడు. ఆ సదనములోని పిల్లలలో ఎందరికి తల్లిదండ్రులు, బంధువులు కలరు? వారిని కలుపుటకు ఆ సంస్థ ఏమి చేయుచున్నది? ముక్కు మొగము తెలియని అతిథులను, పూర్వాపరములు విచారింపకయే పిల్లలతో ఒంటరిగా విడుచుచున్నదా? అట్లు విడుచుచో ఆ గుమ్మము త్రొక్కవలదు. మీరు చేయబోవు పనిని ఆ ఊరివారే ఎవరైన చేయగలరా? చేయగలిగినచో మీ ప్రయాణపు ఖర్చును వారి జీతమునకు పంపుట మేలు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుట, వైద్యము, లెక్కలు వ్రాయుట వంటి విద్యలు తెలిసినవారు పిల్లల వద్దకు గాక, పిల్లలను చూచు పెద్దల వద్దకు పోయి సాయపడవచ్చును. నేపాళములో యాత్రికుల వీసాపై వచ్చిన విదేశీయులు జీతము లేని పనియైనను చేయుటకు అనుమతి లేదు. 1950 నాటి సంధి వలన మనకు ఆ దేశమునకు వీసా అవసరము లేదు. తలుపు తెరచి యున్న ఇంటిలోనికి పోవునప్పుడు మరింత జాగరూకతతో అడుగు పెట్టవలెను గదా.

ఈ మాటలు పొరుగు దేశమునకు మాత్రమే చెందినవి కావు. మన దేశమున 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టమును బిడ్డను సంస్థలో నుంచుట చివరి మార్గముగనే ఉండవలెనని చెప్పుచున్నది. దసరాకు మనలో చాలమంది మిఠాయిలు, బట్టలు తీసికొని పిల్లల ఆశ్రమములకు పోవుచుందురు. ఫోటోలు తీసికొని వత్తురు. ఈ ఏడు పోవునప్పుడు, పండుగకు ఇల్లు చేరగలిగి యుండియు దారిఖర్చు లేక ఆగిపోయిన బిడ్డ ఎవరైన కలరా యని నిర్వాహకులను అడిగి చూడుడు. ఒక బస్సు టిక్కెట్టు, తోడుగా పోవుటకు నమ్మకమైన ఒక మనిషి, అంతే కావలసి యుండవచ్చును. తప్పిపోయిన బిడ్డ గాని, కష్టములో నున్న బిడ్డ గాని కంటబడినచో 1098 సంఖ్యకు టెలిఫోను చేయవలెను. నేపాళములోను బాలల సహాయమునకు అదే సంఖ్య.

ఆ కొండపల్లి బొమ్మలలో ఎక్కువ భాగము సదనముననే ఉన్నవి. నాగలి పట్టిన రైతును మాత్రము ఆ బాలుడు వెంట తీసికొనిపోయెను. ఎడ్లకు మసి పూసి నల్లగా చేసెనని దిదీ మొన్న వ్రాసినది.